ఫాంటసీ సినిమాకి ఫ్రీ టికెట్లు పంచాలంటే: అనంతపురం వాళ్ల కోసం

ఏదైనా పెద్ద ఫాంటసీ సినిమా విడుదల దగ్గర పడిందంటే మన అనంతపురంలో ఫ్రీ టికెట్ల మాట కూడా మొదలవుతుంది. బట్టల షాపు వాళ్లు పబ్లిసిటీకి ఇస్తామంటారు, అభిమాన సంఘం వాళ్లు హీరో పేరు మీద ఇస్తామంటారు, ఒక కాలేజీ బ్యాచ్ పార్టీ మానేసి ఆ డబ్బుతో పిల్లలకి సినిమా చూపిద్దామనుకుంటుంది. అందరి ఉద్దేశమూ మంచిదే. కానీ ప్లాన్ లేకుండా దిగితే సగం టికెట్లు మనకు తెలిసినవాళ్ల జేబుల్లోకే పోతాయి, కొన్ని గేటు దగ్గర బ్లాక్‌లో అమ్ముడుపోతాయి, ఇంకొన్నేమో తీసుకున్నవాళ్లు రాక వృథా అవుతాయి. బయట టికెట్ దొరక్క వెనక్కి పోయిన పిల్లోడు ఉంటాడు, లోపల మనం డబ్బు కట్టిన సీటు ఖాళీగా ఉంటుంది. నాకు అన్నిటికంటే బాధ అదే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఎవరికో తేల్చుకోండి

ఎన్ని టికెట్లు, ఏ థియేటర్, ఏ ఆట అన్న లెక్కల కంటే ముందు ఎవరికి ఇవ్వాలనుకుంటున్నారో ఒక పేపర్ మీద రాసుకోండి. 'అందరికీ' అని మాత్రం రాయొద్దు. అలా రాస్తే మెసేజ్ ఎవరు ముందు చూస్తే వాళ్లకే పోతాయి, ముందు చూసేది ఎప్పుడూ ఫోన్ చేతిలో ఉండేవాళ్లు, వాళ్లలో చాలామంది ఎలాగూ సొంత డబ్బుతో ఆ సినిమా చూసేవాళ్లే. ఫస్ట్ డే ఫస్ట్ షోలో పేపర్లు చించి ఎగరేసే అభిమాని మన టికెట్ కోసం ఎదురు చూడడు, ఎంతైనా పెట్టి కొనుక్కుంటాడు. మనం ఇవ్వకపోతే ఈ సినిమాని పెద్ద తెర మీద చూసే అవకాశమే రానివాళ్లు ఎవరు? అక్కడి నుంచి మొదలుపెట్టండి. బేల్దారి పనికి పోయేవాళ్ల పిల్లలు, మార్కెట్‌లో హమాలీల ఇళ్లవాళ్లు, మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు, ఇళ్లలో పని చేసే అక్కలు, హాస్టల్ పిల్లలు. వీళ్లందరినీ ఒకేసారి పెట్టుకోకండి, ఒకరిద్దరు చాలు, లేకపోతే ఎవరికీ సరిగ్గా అందదు.

ఫాంటసీ సినిమా అయితే నేను గట్టిగా చెప్పే పద్ధతి ఒకటుంది. టికెట్లు జతగా ఇవ్వండి: ఒక పిల్ల లేదా పిల్లోడు, వాళ్లతో పాటు వాళ్ల అవ్వో తాతో. మాంత్రికుడు, మాయలు, రాకుమారి, పాతాళలోకం, ఇవన్నీ గ్రాఫిక్స్ వచ్చాక పుట్టినవి కావు. 1951లో వచ్చిన పాతాళ భైరవి దర్శకుడు కె.వి.రెడ్డి పుట్టింది మన తాడిపత్రిలోనే, ఆ సినిమా తీసిన విజయా సంస్థ నిర్మాతల్లో ఒకరైన బి.నాగిరెడ్డిది పక్కనున్న కడప జిల్లా. ఊరి బయట టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చొని ఆ జానపదాలు చూసిన అవ్వలు తాతలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు, కానీ థియేటర్‌కి పోయి ఎన్నేళ్లయిందో వాళ్లకే గుర్తుండదు. తీసుకుపోయేవాళ్లు లేరు, అడగడానికి వాళ్లకి మొహమాటం. ప్రేమకథకో ఫైటింగ్ సినిమాకో అవ్వని రమ్మంటే రాకపోవచ్చు, మాయలూ మంత్రాలూ ఉన్న సినిమా అంటే ఆమెకి కూడా మాట్లాడటానికి ఏదో ఒకటి ఉంటుంది. పిల్లోడు ఆమెకి గ్రాఫిక్స్ గురించి చెప్తాడు, ఆమె వాడికి తన చిన్నప్పుడు చూసిన మాంత్రికుడి గురించి చెప్తుంది. పైగా పిల్లల వెంట పెద్దవాళ్లు ఎవరు రావాలన్న సమస్య కూడా దీంతోనే తీరిపోతుంది.

అయితే ముసలివాళ్లని పిలిచేటప్పుడు వాళ్ల మోకాళ్ల గురించి కూడా ఆలోచించాలి. బాల్కనీ మంచి సీటు అని మనం అనుకుంటాం, పాత థియేటర్లలో అక్కడికి మెట్లు ఎక్కాలి. ముందే పోయి చూడండి, మెట్లు ఎక్కువుంటే కింద క్లాసులో వెనక వరసలు తీసుకోండి, వరస చివరి సీట్లు పెద్దవాళ్లకి ఇవ్వండి, బాత్రూమ్‌కి లేచిపోవడం సులువవుతుంది. సౌండ్ ఎక్కువగా ఉంటుందని చెప్పి చెవుల్లో పెట్టుకోవడానికి కొంచెం దూది తీసుకుపోతే ఇంకా మంచిది. త్రీడీ సినిమా అయితే కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకొని రెండున్నర గంటలు కూర్చోవడం వాళ్లకి కష్టం, అదే థియేటర్‌లో టూడీ ఆట కూడా ఉంటే అదే తీసుకోండి.

వినపడని పిల్లలు, చూపు లేని పిల్లల గురించి కూడా ఒక మాట. మన జిల్లాలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) వాళ్లు ఇలాంటి పిల్లలకి ప్రత్యేక పాఠశాలలు నడుపుతున్నారు, వాళ్లని పిలుద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది, మంచి ఆలోచనే. కానీ 'బొమ్మలు చూస్తారు కదా, చాల్లే' అని అనుకోకండి. మాటలు అర్థం కాకుండా అంతసేపు కూర్చోబెట్టడం వాళ్లకి సరదా అనిపించదు. వినపడని, చూపు లేని ప్రేక్షకులకి సినిమా అందేలా ఏర్పాట్లు ఉండాలని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది, కాబట్టి మీ థియేటర్‌లో ఆ సినిమాకి సబ్‌టైటిల్స్ ఉన్న ఆట ఉందా, ఆడియో వివరణ వినే వీలుందా అని ధైర్యంగా అడగండి. లేదంటే స్కూల్ టీచర్లతో మాట్లాడి, ట్రైలర్ చూపించి, పాత్రల పేర్లు, కథ ఎక్కడ మొదలవుతుందో పిల్లలకి ముందే చెప్పించండి. హాల్లో చీకట్లో టీచర్ సైగలు కనపడవు, ఈ పని ముందురోజే జరగాలి.

పిల్లలు అన్నాక సర్టిఫికెట్ చూడటం తప్పనిసరి. ఫాంటసీ అంటే పిల్లల సినిమానే అనే లెక్క ఇప్పుడు పనికిరాదు, రాక్షసులు, తలలు తెగడాలు, ఒక్కసారిగా భయపెట్టే సీన్లు బాగా ఉంటున్నాయి. సెన్సార్ బోర్డు ఇచ్చే యూ సర్టిఫికెట్ అయితే అందరూ చూడొచ్చు. యూఏలో ఇప్పుడు మూడు రకాలు: 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్. ఆ వయసులోపు పిల్లలకి చూపించాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం. 'A' (పెద్దలకి మాత్రమే) సర్టిఫికెట్ వస్తే మాత్రం 18 ఏళ్లలోపు వాళ్లని లోపలికి పంపరు, అప్పుడు పిల్లల ప్లాన్ మొత్తం మార్చుకోవాలి. విడుదలకి కొద్ది రోజుల ముందు గానీ సర్టిఫికెట్ సంగతి బయటికి రాదు, అది తెలిసేదాకా వయసు ప్రకటించకండి.

ఏ ఆట, ఎంత డబ్బు

మొదటి రోజు ఆటలకి పోవద్దనే నా సలహా. గోల, ఈలలు, డైలాగ్ ఒక్కటి వినపడదు, రద్దీలో పిల్లలు ముసలివాళ్లు నలిగిపోతారు. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక థియేటర్ దగ్గర ప్రీమియర్ రాత్రి జరిగిన తొక్కిసలాటలో పిల్లలతో సినిమాకి వచ్చిన తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావుబతుకుల్లో ఆసుపత్రి పాలయ్యాడు. అది మర్చిపోకూడదు. ఇంకో సంగతి, పెద్ద సినిమాలకి మన రాష్ట్రంలో మొదటి కొన్ని రోజులు రేటు పెంచుకోవడానికి ప్రభుత్వం ప్రత్యేకంగా జీవో ఇస్తూ ఉంటుంది, ఆ రోజుల్లో ఇద్దరికి పెట్టే డబ్బుతో తర్వాత ముగ్గురికి చూపించొచ్చు. విడుదల తర్వాత వచ్చే మొదటి ఆదివారమో, పెంచిన రేట్లు తగ్గాక రెండో వారమో, ఉదయం ఆట పెట్టుకోండి. ఎండాకాలంలో మ్యాట్నీ కూడా వద్దు, రెండు గంటల ఎండలో మన ఊళ్లో క్యూలో నిలబడమని అవ్వల్ని అడగలేం. సెకండ్ షో అసలే వద్దు, అర్ధరాత్రి దాటాక పల్లెలకి బస్సులు ఉండవు.

'ఫస్ట్ డే ఫస్ట్ షోకి ఇస్తేనే కదా అన్నా క్రేజ్' అని మీ బ్యాచ్‌లో ఎవరో ఒకరు అంటారు. పబ్లిసిటీ మాత్రమే కావాలంటే వాళ్ల మాట నిజమే, అప్పుడు ఒక పదో పన్నెండో టికెట్లు విడిగా ఉంచి ఫస్ట్ షోకి కాలేజీ పిల్లలకి పోటీ పెట్టి ఇవ్వండి, మిగతావి ఆదివారానికి ఉంచండి. రెండింటినీ కలపొద్దు.

టికెట్లు ఎక్కడ తీసుకోవాలి అంటే, ఆన్‌లైన్ యాప్‌లలో సాధారణంగా ఒకసారికి పది టికెట్లకు మించి తీసుకోనివ్వరు, పైగా ఒక్కో టికెట్ మీద కన్వీనియెన్స్ ఫీజు పడుతుంది. నలభై యాభై టికెట్లు కావాలంటే నేరుగా థియేటర్ మేనేజర్‌ని కలవండి. ఆయన తీరికగా ఉండేది ఆట మొదలై బయట ఖాళీ అయ్యాక, ఆట మొదలయ్యే అరగంటలో పోయి అడిగితే ఎవరికీ వినే ఓపిక ఉండదు. 'ఈ ఆదివారం ఉదయం ఆటకి ఇన్ని సీట్లు ఒకేచోట కావాలి, పిల్లలు పెద్దవాళ్లు వస్తారు, డబ్బు ముందే కడతాం' అని సూటిగా చెప్పండి. చాలాసార్లు ఒప్పుకుంటారు, ఉదయం ఆట నిండడం వాళ్లకీ అవసరమే. సీటు నంబర్లు రాయించుకోండి, కట్టిన డబ్బుకి రసీదు తీసుకోండి. మొత్తం ఆటనే బుక్ చేసుకోవాలంటే డిస్ట్రిబ్యూటర్‌ని కూడా అడగాల్సి వస్తుంది, అది మేనేజరే చెప్తారు.

డబ్బు లెక్క చిన్నదే గానీ జాగ్రత్తగా వేయాలి. టికెట్ 150 రూపాయలు అనుకుంటే 40 టికెట్లకి 6,000. జీఎస్టీ ఎలా పడుతుందో తెలిసి ఉంటే మంచిది: 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల వరకు ఉన్న టికెట్ మీద 5 శాతం, 100 దాటితే 18 శాతం. కింది క్లాసు టికెట్ 100 లోపల ఉంటే అదే తీసుకొని ఎక్కువమందిని పిలవొచ్చు. ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఇంటర్వెల్. టికెట్ ఫ్రీగా ఇచ్చి తీసుకొచ్చిన పిల్లోడు ఇంటర్వెల్‌లో పక్కవాళ్లు పాప్‌కార్న్ తింటుంటే చూస్తూ కూర్చుంటే మన సినిమా ఆనందం అంతా అక్కడే పోయినట్టు. మనిషికి ఒక సమోసా, ఒక చిన్న పాప్‌కార్న్ లెక్కన డబ్బు పక్కన పెట్టండి, క్యాంటీన్ వాళ్లకి ముందురోజే ఆర్డర్ చెప్పండి. ఇంటి నుంచి చేసి తీసుకుపోతామంటే థియేటర్ వాళ్లు వద్దనొచ్చు, ఆ హక్కు వాళ్లకుందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో తాగే నీళ్లు ఉచితంగా ఇవ్వాలనీ, చంటి పిల్లల కోసం తెచ్చుకునే తిండిని ఆపకూడదనీ కూడా చెప్పింది, నీళ్ల సంగతి మేనేజర్‌కి గుర్తు చేయండి. డబ్బు చాలకపోతే టికెట్లు నలభై నుంచి ముప్పైకి తగ్గించండి, సమోసా మాత్రం తగ్గించొద్దు.

ఎలా ప్రకటించాలి, ఎవరిని ఎంచాలి

ప్రకటన చిన్నగా, ఒక్క అనుమానం కూడా మిగలకుండా ఉండాలి. ఇలా రాస్తే చాలు:

'వచ్చే ఆదివారం ఉదయం ఆటకి 40 ఉచిత టికెట్లు. 8 నుంచి 15 ఏళ్ల పిల్లలు, వాళ్లతో అవ్వ లేదా తాత, ఇద్దరూ కలిసి రావాలి. అనంతపురం టౌన్, చుట్టుపక్కల పల్లెలవాళ్లు పేర్లు ఇవ్వొచ్చు. గురువారం సాయంత్రం 6 లోపల ఈ నంబర్‌కి పిల్లల పేరు, వయసు, వెంట వచ్చే పెద్దవాళ్ల పేరు పంపండి, ఫోన్ చేసి చెప్పినా రాసుకుంటాం. శుక్రవారం సాయంత్రం 5 గంటలకి అందరి ముందు చీటీలు తీస్తాం. డబ్బు ఏమీ కట్టనక్కర్లేదు, మా పేరు చెప్పి ఎవరైనా అడిగినా ఇవ్వొద్దు. నిర్వాహకుల ఇంట్లోవాళ్లకి టికెట్లు ఇవ్వం.'

ఇది వాట్సాప్‌లో పెడితే సరిపోదు, మనం చేరాలనుకున్నవాళ్లలో చాలామంది ఆ గ్రూపుల్లో ఉండరు. ఒక పేపర్ మీద పెద్ద అక్షరాలతో రాసి అంగన్వాడీ గోడ మీద, సచివాలయం దగ్గర, ప్రభుత్వ పాఠశాల నోటీస్ బోర్డు మీద, పాత ఊరి టీ అంగళ్ల దగ్గర అంటించండి. పోయి నోటితో చెప్పడం ఇంకా మంచిది. చదవడం రాని అవ్వ కూడా పేరు ఇవ్వగలగాలి, అందుకే ఫోన్ చేసి చెప్పే వీలు పెట్టాలి, ఆ ఫోన్ తీసేవాళ్లు కొంచెం ఓపికగా మాట్లాడేవాళ్లయి ఉండాలి. బయట నుంచి వచ్చే ఆడవాళ్లకి ఒక విషయం ప్రకటనలోనే చెప్పొచ్చు: 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి, ఆడపిల్లలకి టికెట్ డబ్బు లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చేతిలో ఉంటే చాలు. తాడిపత్రి నుంచో ధర్మవరం నుంచో అవ్వ, మనవరాలు ఖర్చు లేకుండా వచ్చి పోవచ్చు.

ఎంపిక ఎలా? ముందొచ్చినవాళ్లకి ముందు అనే పద్ధతి నాకు నచ్చదు, ఎందుకో పైన చెప్పాను. పూర్తిగా పోటీ పెట్టి బాగా రాసినవాళ్లకి ఇస్తే ప్రైవేట్ స్కూల్లో చదివే పిల్లలే గెలుస్తారు. అందరి పేర్లూ చీటీల మీద రాసి డబ్బాలో వేసి, పిల్లల చేతే తీయించడం అన్నిటికంటే న్యాయం. సరదాగా ఒక ప్రశ్న పెట్టాలనిపిస్తే పెట్టండి, 'మీకు ఒక వరం దొరికితే మన ఊళ్లో ఏం మారుస్తారు' అని అడగండి, జవాబు నోటితో చెప్పినా చాలు, కానీ జవాబు బాగున్నా బాగాలేకపోయినా చీటీ మాత్రం వేయాలి. కాలేజీ పిల్లలకి విడిగా పెట్టిన ఆ పది టికెట్లకి అయితే గట్టి క్విజ్ పెట్టొచ్చు, పాతాళ భైరవి దర్శకుడు పుట్టిన ఊరు అడగండి, మన జిల్లావాడని తెలిసి చాలామంది ఆశ్చర్యపోతారు.

చీటీలు తీసేటప్పుడు ఒక రూపాయి కూడా ఎంట్రీ ఫీజు పెట్టొద్దు. 'పది రూపాయలే కదా, ఖర్చులకి వస్తాయి' అని ఎవరన్నా అన్నా ఒప్పుకోవద్దు. డబ్బు తీసుకొని అదృష్టం మీద బహుమతి ఇస్తే అది లాటరీ కిందకి వస్తుంది, మన రాష్ట్రంలో లాటరీలకి అనుమతి లేదు, పోలీస్ కేసు దాకా పోతుంది. అలాగే ఎన్నికల కోడ్ అమల్లో ఉన్న రోజుల్లో టికెట్లు పంచే పని పెట్టుకోవద్దు, ఏ నాయకుడి ఫోటోతోనూ పంచొద్దు, ఓటర్లకి ఆశ చూపడం అని ఎవరైనా ఫిర్యాదు చేస్తే మీ చిన్న కార్యక్రమం అనవసరంగా ఇరుక్కుంటుంది.

గెలిచినవాళ్లతో పాటు ఇంకో పది పేర్లు వరసగా తీసి వెయిటింగ్ లిస్ట్ పెట్టుకోండి. చివర్లో కాపాడేది అదే. ఫ్రీగా వచ్చింది కదా అని రాకపోయేవాళ్లు ప్రతిసారీ ఉంటారు, ఒకరికి జ్వరం, ఒకరికి కూలిపని దొరికింది, ఒకరింట్లో చావు. వాళ్లని తప్పు పట్టాల్సిన పని లేదు, ఆ సీటు ఇంకొకరికి అందేలా చూడాల్సింది మనమే.

ఇక సిఫార్సులు. ఇది మొత్తం పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం. 'ఏమప్పా, మనోళ్లకి ఒక నాలుగు పక్కన పెట్టు' అని కాలనీ పెద్దాయన అంటాడు, కార్పొరేటర్ మనిషి అంటాడు, సొంత మేనమామే అంటాడు. అక్కడికక్కడ మొహమాటపడితే నలభైలో ఇరవై అయిపోతాయి. ప్రకటనలో 'ఇంట్లోవాళ్లకి ఇవ్వం' అని ముందే రాయించింది ఇందుకే. 'నా చేతిలో ఏమీ లేదన్నా, పిల్లోని పేరు ఇయ్యి, చీటీ రాసేస్తా' అని చెప్పండి, నవ్వుతూ చెప్పండి, కానీ మారొద్దు. పెద్దాయనకి మరీ కోపం వచ్చేలా ఉంటే చీటీలు తీసే చోటికి ముఖ్య అతిథిగా పిలవండి, ఆయన ముందే డబ్బా తెరిస్తే ఆయనకే గౌరవం.

టికెట్లు చేతికి ఇవ్వడం, ఆట రోజు

టికెట్లు ముందురోజు ఇంటికి పంపకండి. పంపితే కొన్ని అమ్ముడుపోతాయి. పెద్ద సినిమా హౌస్‌ఫుల్ అయిన రోజు ఒక టికెట్‌కి గేటు దగ్గర వచ్చే డబ్బు చూస్తే, ఆ పూట ఇల్లు గడవనివాళ్లకి ఆశ పుట్టడం సహజం, అలాంటి ఇబ్బందిలో వాళ్లని మనం పెట్టకూడదు. టికెట్లు మీ దగ్గరే ఉంచండి, ఆట రోజు లిస్టులో పేరు చూసి, మనిషిని లోపలికి పంపుతూ ఇవ్వండి. మొబైల్ టికెట్లు అయితే ఇంకా జాగ్రత్త, క్యూఆర్ కోడ్ ఉన్న స్క్రీన్‌షాట్‌ని గ్రూపులో పెడితే ఎవరు ముందు స్కాన్ చేయిస్తే వాళ్లు లోపలికి పోతారు, అసలువాళ్లు గేటు దగ్గర ఏడుస్తూ నిలబడతారు. కోడ్ మీ ఫోన్‌లోనే పెట్టుకొని గేటు దగ్గర మీరే చూపించండి.

శనివారం సాయంత్రం అందరికీ ఒకసారి ఫోన్ చేయండి. మెసేజ్ వద్దు, ఫోనే. 'రేపు వస్తున్నారు కదా అవ్వా, ఎంతకి బయలుదేరుతారు, ఎవరు తీసుకొస్తారు' అని అడిగితే రాలేనివాళ్లు అప్పుడే చెప్పేస్తారు, వెయిటింగ్ లిస్ట్ వాళ్లకి రాత్రే కబురు పోతుంది. మోసగాళ్ల గురించి కూడా ఆ ఫోన్‌లోనే హెచ్చరించండి. 'మీకు ఫ్రీ టికెట్ వచ్చింది, ఓటీపీ చెప్పండి, యూపీఐలో ఒక్క రూపాయి పంపండి' అని ఫోన్లు వస్తుంటాయి, మన కార్యక్రమం పేరు వాడుకొని కూడా చేయొచ్చు. ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయమని చెప్పండి, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు వెనక్కి రావడం కష్టం.

హాస్టల్ పిల్లల్ని, స్కూల్ పిల్లల్ని తీసుకొస్తుంటే హెచ్‌ఎం గానీ వార్డెన్ గానీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, తల్లిదండ్రుల సంతకం ఉండాలి, పదిమంది పిల్లలకి ఒక పెద్ద మనిషి అయినా వెంట ఉండాలి, ఆడపిల్లలు ఉంటే ఒక టీచరమ్మ తప్పకుండా. దీన్ని నోటిమాటతో నడిపించొద్దు.

అందరినీ కలుసుకునే చోటు థియేటర్ గేటు కాకుండా చూడండి. దగ్గర్లో నీడ ఉన్న చోటు ఏదైనా, ఒక గుడి ఆవరణో, స్కూలో, కళ్యాణ మంటపం ముందో, యజమానిని అడిగి పెట్టుకోండి. టవర్ క్లాక్, సప్తగిరి సర్కిల్ వైపు కలుద్దాం అని చెప్తే ట్రాఫిక్‌లో ముసలివాళ్లని వెతుక్కోవాల్సి వస్తుంది. ఆటకి గంట ముందు రమ్మని, పేర్లు పిలిచి, నీళ్లు ఇచ్చి, పదిమంది చొప్పున వరసగా తీసుకుపోండి. వంద మంది దాటితే మీ థియేటర్ ఏ పోలీస్ స్టేషన్ పరిధిలో ఉందో కనుక్కొని ఒక అర్జీ ఇచ్చి రండి. తారాజువ్వలు, డప్పులు, పాలాభిషేకాలు అభిమానుల ఆటకి ఉంచండి, ఈ ఆటకి వద్దు.

లోపల కూర్చున్నాక రెండు మాటలు చెప్పాలి. మొదటిది, తెరని ఫోన్‌లో తీయొద్దని. స్టేటస్ పెట్టుకుందామని టైటిల్స్ తీసే పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్లకి తెలియదు గానీ 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా హాల్లో రికార్డ్ చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం మూడు లక్షల జరిమానా. రెండోది, భయం వేస్తే బయటికి రావచ్చని. 'రాక్షసుడు వచ్చినప్పుడు భయమేస్తే అవ్వ చేయి పట్టుకొని బయటికి రండి, మేం తలుపు దగ్గరే ఉంటాం, మళ్లీ లోపలికి పంపిస్తాం' అని చెప్తే చిన్నపిల్లలకి ధైర్యం వస్తుంది. మీలో ఒకరు ఆట అంతా తలుపు దగ్గర కూర్చోవాల్సిందే, ఆ ఒక్కరు సినిమాని ఇంకోసారి చూసుకోవచ్చు.

ఆట మొదలై పావుగంట దాటినా రానివాళ్ల టికెట్లు వెయిటింగ్ లిస్ట్ వాళ్లకి ఇచ్చేయండి. అప్పటికీ మిగిలితే థియేటర్‌లో ఊడ్చే అమ్మ, పార్కింగ్ దగ్గర ఉండే అన్న ఎప్పుడూ సినిమా పూర్తిగా చూసి ఉండరు, మేనేజర్ ఒప్పుకుంటే వాళ్ల పిల్లల్ని పిలవండి.

ఫోటోల గురించి నా అభిప్రాయం కొంచెం గట్టిగానే ఉంటుంది. టికెట్ పట్టుకొని వరసగా నిలబడిన పిల్లల ఫోటో, వెనక స్పాన్సర్ బ్యానర్, నాకు అసలు నచ్చదు. రేపు ఆ పిల్లోడు కాలేజీకి పోయాక కూడా ఆ ఫోటో ఉంటుంది. డబ్బు ఇచ్చిన షాపు వాళ్లకి పేరు కావాలంటే హాలు బయట బ్యానర్ కట్టి, నిండిన హాలుని వెనక నుంచి, ముఖాలు కనపడకుండా తీసి ఇవ్వండి. పిల్లల ముఖం కనపడే ఫోటో కావాలంటే తల్లిదండ్రుల్ని అడిగి, ఒప్పుకుంటేనే. వద్దన్నవాళ్లకి టికెట్ ఆపడం అనేది ఎట్టి పరిస్థితిలోనూ ఉండకూడదు.

ఆట అయ్యాక పల్లెలకి పోయేవాళ్లని ఆర్టీసీ బస్టాండ్ దాకా ఆటోలో పంపించి, ఇల్లు చేరాక ఒక ఫోన్ చేయమని చెప్పండి. మరుసటి రోజు ఖర్చుల లెక్క, థియేటర్ రసీదు, క్యాంటీన్ బిల్లు డబ్బు ఇచ్చిన అందరికీ పంపండి, మిగిలిన డబ్బు ఉంటే ఎంతో చెప్పండి. తర్వాత పేర్లు, వయసులు, ఫోన్ నంబర్లు రాసుకున్న ఆ లిస్టు ఫోన్‌లోంచి, పేపర్ మీదనుంచి తీసేయండి. పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాడకూడదని 2023 డేటా రక్షణ చట్టమే చెప్తోంది, సినిమా కోసం ఇచ్చిన నంబర్‌కి రేపు చీరల ఆఫర్ మెసేజ్ పోతే ఇంకోసారి మన మాట ఎవరూ నమ్మరు. వచ్చే సినిమాకి మళ్లీ పిలవాలనుకుంటే శనివారం ఫోన్ చేసినప్పుడే అడగండి, సరే అన్నవాళ్ల నంబర్ ఒక్కటి విడిగా రాసి పెట్టుకోండి.